కొండ గీతల నుంచి విదేశీ చదువుకు

అరకులోనో సీతంపేటలోనో డిగ్రీ ముగించి, గ్రాఫిక్ డిజైన్ కోసం విదేశాలకు వెళ్లాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. విశ్వవిద్యాలయం ర్యాంకు కన్నా ముందు అక్కడేం నేర్పుతారో చూడండి.

ఉదాహరణకు, సవర గిరిజనుల భాషకు 1936లో మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. అలాంటి లిపికి అందమైన ఫాంట్లు గీయాలని మీకుంటే, ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం అక్షరాల రూపకల్పనకు పేరుపొందిన చోటు. ప్యాకేజింగ్ డిజైన్ మీద మనసుంటే వెతకాల్సిన చోటు వేరు.

దరఖాస్తుతో పంపే పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన బొమ్మలే కాదు, చిత్తుగీతలూ పెట్టండి. సవర ఇళ్ల ఎర్రమట్టి గోడ మీది తెల్లటి మనుషుల బొమ్మలు మీవైతే, వాటిని దాచకండి.

ఖర్చు విషయానికొస్తే, కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఏటా 20 మందికే. అదీ పీజీ, ఆపై చదువులకు. దాన్ని నమ్ముకుంటే, దాని ప్రకటనలో మీ కోర్సు ఉందని తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.