మేకకేం తెలుసు అనకండి



ఒకసారి దడిలో సందు దొరికితే మేక మళ్లీ అక్కడికే వస్తుంది. ఈ సంగతి మన కాపరులకు కొత్త కాదు. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో దీన్నే పరీక్షించి చెప్పారు. పంటితో తాడు లాగి, ఆపైన మీట ఎత్తితేనే పెట్టెలోని మేత అందుతుంది. 12 మేకల్లో 9 నేర్చుకున్నాయి. పది నెలల తర్వాత కూడా మరిచిపోలేదు.

ఈ తెలివిని లెక్కలోకి తీసుకోకపోతే నష్టం మనకే. ఈనగానే తల్లి పిల్లను నాకి వాసన పట్టుకుంటుంది. అప్పుడే విడదీస్తే, తర్వాత దగ్గరికి రానీకుండా కుమ్ముతుంది. మందలో పెద్దా చిన్నా వరస ఉంటుంది. సంతలో కొన్నదాన్ని నేరుగా మందలోకి తోలితే పొడుచుకుంటాయి. చూడి మేకకు దెబ్బ తగిలితే ఈసుకుపోవచ్చు. కొన్నాళ్లు విడిగా, మందకు కనబడేలా కట్టండి. రోగముంటే బయటపడుతుంది కూడా. మేత ఒకే తొట్టిలో పోస్తే బలమైనవే తింటాయి. రెండు మూడు చోట్ల పెట్టండి. దారీ, నీళ్ల చోటూ తెలిసి ముందు నడిచే మేకను అమ్మేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

అయితే మేకకు దారి తెలిసినా, మేసే నేల మిగలాలి కదా! హార్సిలీ కొండల కింద మన ఊళ్లలో మేత పోరంబోకు ఎక్కడుంది, ఎంతుంది? రికార్డు తీయించాలి, హద్దులు కొలిపించాలి. ప్రతి గ్రామ శాఖా ఈ నెలలోనే తహశీల్దారుకు అర్జీ పెట్టాలి. భూమి లేని కాపరికి మందే భూమి. ఆ మంద నిలవాలంటే మేత నేల నిలవాలి.