గొర్రెపిల్ల కడుపు: మొదటి 60 రోజులు



మందలో చిటుకు రోగం పడితే ముందుగా పోయేది బక్కపిల్ల కాదు. తల్లి పాలన్నీ ఒక్కటే తాగి, బాగా ఒళ్లు చేసి, సంతలో మంచి ధర పలకాల్సిన పిల్లే పోతుంది. సాయంత్రం దొడ్డిలో గంతులేసిన పిల్ల తెల్లారేసరికి మెడ వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది. దిష్టి తగిలిందంటారు ఇంట్లోవాళ్లు. అసలు కారణం కడుపులో ఉంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనూ కొద్దిగా ఉంటుంది. పిల్ల గింజలో, తొలకరికి మొలిచిన లేత గడ్డో ఒక్కసారిగా అతిగా తింటే అరగని మేత పేగులోకి జారుతుంది. దాని మీద ఆ సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. చాలాసార్లు మందు పోసే వ్యవధి కూడా ఉండదు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. మంద చేతికొచ్చినా, పిల్లలు బతికితేనే కాపరికి ఆదాయం.

పిల్లలు బతకాలంటే వాటి కడుపు తీరు తెలియాలి. గొర్రె పొట్టకు నాలుగు గదులు. పుట్టిన పిల్లకూ నాలుగూ ఉంటాయి గానీ, పాలను అరిగించేది నాలుగోది ఒక్కటే. పిల్ల చీకుతున్నప్పుడు ఆహారనాళం చివర ఒక మడత గొట్టంలా ముడుచుకుని పాలను నేరుగా అక్కడికి చేరుస్తుంది. తల్లి చనిపోయిన పిల్లకు గ్లాసుతో గొంతులో పోస్తే ఆ మడత సరిగా మూసుకోదు. పాలు మొదటి గది అయిన పెద్దపొట్టలో పడి పులుస్తాయి, కడుపు ఉబ్బుతుంది. పొరబోతే ఊపిరితిత్తుల్లోకీ వెళ్తాయి. పాలపీక ఉన్న సీసాతో, గోరువెచ్చగా, కొద్దికొద్దిగా పట్టడమే సరైన పద్ధతి.

ముర్రుపాల సంగతి ఇంకా ముఖ్యం. కడుపులో ఉన్నప్పుడు మాయ ద్వారా పిల్లకు రోగనిరోధక శక్తి అందదు. అదంతా ముర్రుపాలలోనే వస్తుంది. 24 గంటలు దాటితే పిల్ల పేగు దాన్ని పీల్చుకోలేదు. 3 కిలోల పిల్లకు మొదటి రెండు గంటల్లోనే సుమారు 150 మిల్లీలీటర్లు పడాలి. మాయ పడేదాకా పొదుగు ముట్టనివ్వని అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. అది పిల్ల ప్రాణానికే చేటు. తల్లి చూడితో ఉన్న చివరి ఆరు వారాల్లో దానికి దాణా తగ్గినా ముర్రుపాలు తగ్గుతాయి.

రెండు వారాలకే పిల్ల గడ్డిపోచలు కొరకడం మొదలుపెడుతుంది. ఆ మేతతోనే పెద్దపొట్టలో మేలుచేసే సూక్ష్మజీవులు కుదురుకుంటాయి. ఎనిమిది వారాలకు నెమరు వేసే జీవిగా దాదాపు తయారవుతుంది. ఈ మార్పు నిదానంగా జరగాలి. పిల్లలు మాత్రమే దూరగల సందు వదిలి చిన్న దడి కట్టి, లోపల మొక్కజొన్న నూక, వేరుశనగ చెక్క, తవుడు, ఖనిజ లవణాలు కలిపిన దాణా, పక్కనే అవిశ ఆకో, దశరథ గడ్డో పెడితే చాలు. రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఆవులు, గేదెల ఖనిజ మిశ్రమం మాత్రం వద్దు. అందులోని రాగి గొర్రెకు విషమవుతుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం పోయడం అంతకన్నా ప్రమాదం. పెద్దపొట్టలో ఆమ్లం పెరిగి మంచి మంచి జీవాలు కూలిపోతాయి.

మూడు వారాలు దాటిన పిల్లలకు నెత్తురు పారుడు కనిపిస్తే తడి దొడ్డిని, కిక్కిరిసిన మందను అనుమానించాలి. పేడ పరీక్ష చేయించకుండా ప్రతి పారుడుకూ నట్టల మందే పోస్తే నెత్తురు పారుడు తెచ్చే కాక్సీడియా అనే పరాన్నజీవి తగ్గదు. పారుతున్న పిల్లకు లవణాల నీళ్లు పట్టించాలి, పాలు మాన్పించకూడదు.

చిటుకు టీకా తొలకరికి ముందే వేయించండి. చూడి కట్టిన గొర్రెలకు ఈనడానికి నెల ముందు వేయిస్తే ముర్రుపాల ద్వారా పిల్లకూ రక్షణ చేరుతుంది. మొదటిసారి వేయించిన జీవాలకు బూస్టర్ మరవకండి.