శాటిలైట్ లింక్ పోయినా లాగిన్ అవ్వాలంటే?

యాకుత్‌పురా నుంచి మళ్ళీ వచ్చేశా. మా గల్లీలో కిరాణా కొట్టాయన ప్రతి సబ్బుకీ బేగంబజార్ పరిగెత్తడు కదా, కొట్లోనే స్టాక్ పెట్టుకుంటాడు. ఈరోజు టాపిక్ కూడా అదే.

కాకినాడకి దూరంగా సముద్రంలో ఒక ఆయిల్ రిగ్ ఉందనుకోండి. యూజర్లు, పాస్‌వర్డ్‌లు ఉండే యాక్టివ్ డైరెక్టరీ సర్వర్ హైదరాబాద్‌లో ఉంది. మధ్యలో శాటిలైట్, 35,786 కిలోమీటర్ల ఎత్తున. ఒక ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికే దాదాపు అర సెకను. ఒక్క లాగిన్‌కి అలాంటివి 20 జరిగితే 10 సెకన్లు! పెద్ద ప్లాన్ కొన్నా తగ్గదు, దూరం తగ్గదు కాబట్టి.

అందుకే రిగ్‌లోనే రీడ్ ఓన్లీ డొమైన్ కంట్రోలర్ పెడతాం. విండోస్ సర్వర్ 2008తో వచ్చింది. అక్కడ పనిచేసేవాళ్ళ పాస్‌వర్డ్‌లు మాత్రమే దాచుకునేలా సెట్ చేస్తాం. ఆ సర్వర్‌ని ఎవరైనా ఎత్తుకెళ్ళినా ఆ కొన్నే మారిస్తే చాలు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తుఫానుకి లింక్ పోయిన రోజు, పాస్‌వర్డ్ ముందే అక్కడికి చేరకపోతే కొత్త షిఫ్ట్‌వాళ్ళు లాగిన్ కాలేరు. వాళ్ళు వాడే కంప్యూటర్ అకౌంట్‌ది కూడా చేరాలి, ఇది మర్చిపోతారు! మనిషి హెలికాప్టర్ ఎక్కకముందే ఆ రెండూ పంపించండి. తర్వాత లింక్ కావాలనే ఆపి, లాగిన్ చేసి చూడండి. అప్పుడే డిజైన్ పూర్తయినట్టు.