ఊరు దాటి వెళ్ళి ఊరి కథ రాసినవాడు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చిన పెద్దలకు, మస్జిద్ కమిటీల బాధ్యులకు, పరదా అవతల కూర్చున్న అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు, ఈ సంస్థను జకాత్‌తో, సదఖాతో నిలబెడుతున్న దాతలందరికీ మా సలాములు.

జమాఖర్చుల లెక్క ఇంతకుముందే చదివి వినిపించాం. స్కాలర్‌షిప్‌లు ఎందరికి, కుట్టుమిషన్లు ఎన్ని, ఆసుపత్రి సాయం ఎంత అన్నది ఈ సంచికలోనే అచ్చయింది. ఏటా లెక్క చదివాక చందా అడగడం మనకు అలవాటు. ఈసారి అడిగేది డబ్బు కాదు. అదేమిటో చెప్పే ముందు ఒక రచయిత గురించి మాట్లాడతాం. కాస్త ఓపిక పట్టండి, బిర్యానీ చల్లారదు.

మన మూడు ఊళ్ళలో విదేశంలో మనిషి లేని ఇల్లు వెతకాలి. ఒకరు జెద్దాలో, ఒకరు దుబాయిలో, ఇంకొకరి కొడుకు డాలస్‌లో. వాళ్ళు పంపిన డబ్బుతో ఇళ్ళు లేచాయి, పెళ్ళిళ్ళు జరిగాయి, ఈ సంస్థ నడుస్తోంది. మేం చెప్పబోయే మనిషీ అలా సముద్రం దాటినవాడే. కానీ ఆయన అక్కడ కూర్చుని మన ముసలివాళ్ళ మాటలను పుస్తకాలు చేశాడు. ఆయన పేరు అఫ్సర్.

కోదాడ నుంచి ఖమ్మం పెద్ద దూరమేమీ కాదు. ఆ ఖమ్మం జిల్లాలోని చింతకాని ఆయనది. తండ్రి షంషుద్దీన్ మహమ్మద్. ఆ పేరు చెబితే గుర్తు పట్టనివాళ్ళు కూడా ‘కౌముది’ అంటే గుర్తు పడతారు. తెలుగు కవి, అభ్యుదయ భావాల మనిషి. సాయిబుల ఇంట్లో తెలుగు పుస్తకాల బీరువా ఉండటం, తండ్రే తెలుగులో రాయడం, ఇంటికి అన్ని మతాల స్నేహితులు రావడం మధ్య పెరిగిన పిల్లవాడు ఎటు పోతాడు? సాహిత్యం వైపే పోయాడు. 1986లో ఖమ్మం మిత్రులు సీతారాం, ప్రసేన్‌లతో కలిసి ‘రక్తస్పర్శ’ అనే కవితా సంపుటి తెచ్చాడు. తర్వాత ‘ఇవాళ’. ఆంధ్రజ్యోతిలో పాత్రికేయుడిగా పనిచేశాడు. ఆపైన అమెరికా. విస్కాన్సిన్, టెక్సస్ విశ్వవిద్యాలయాల మీదుగా ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేరి అక్కడ పాఠాలు చెబుతున్నాడు.

ఉద్యోగాల చిట్టా ఇంతటితో చాలు. ఆయన తర్వాతి మూడు కవితా సంపుటాల పేర్లు వినండి: 2000లో ‘వలస’, 2009లో ‘ఊరి చివర’, 2018లో ‘ఇంటివైపు’. లోపలి కవితలు చదవకపోయినా ఆ పేర్లు వరసగా పలికితే ఒక మనిషి నడక కనిపిస్తుంది. ముందు వెళ్ళిపోవడం, తర్వాత పొలిమేరలో నిలబడి వెనక్కి చూడడం, ఆ తర్వాత ఇంటి దారి పట్టడం. గల్ఫ్‌లో పాతికేళ్ళు చేసి వచ్చిన మన అన్నలకు దీని అర్థం మేం చెప్పనక్కర్లేదు.

కథలు కూడా రాశాడు. అవి ‘సాహిల్ వస్తాడు’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. మన ఇళ్ళలో మనం మాట్లాడుకునే మాట, అంటే సగం ఉర్దూ, సగం తెలంగాణ తెలుగు, రెండూ కలిసి మూడోది అయిన ఆ భాష తెలుగు కథలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాశాక తలుపు తెరుచుకుంది. 1998లో ‘జల్‌జలా’ కవితలు, 2004లో ‘వతన్’ కథలు వచ్చాయి. ఆ రెండు సంకలనాలూ తెచ్చిన స్కైబాబ మన ఉమ్మడి నల్లగొండ మనిషే. అంతకుముందు తెలుగు కథల్లో సాయిబు అంటే టాంగా తోలేవాడు, అత్తరు అమ్మేవాడు, కథ మధ్యలో ఒకసారి వచ్చి నవ్వించి పోయేవాడు. ఇంట్లో అమ్మీ వంట చేస్తూ ఏమనుకుంటుంది, పరీక్ష ఫీజు కట్టలేని కొడుకు రాత్రి ఎందుకు నిద్రపోడు అన్నది ఎవరో వచ్చి రాయరు, మనమే రాయాలి అని తేల్చిన తరం అది. అఫ్సర్ ఆ తరంవాడు.

పీర్ల పండుగ మీద కూడా ఆయన పెద్ద పుస్తకమే రాశాడు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయప్ప దగ్గర హిందువులు, ముస్లింలు కలిసి మొహర్రం ఎలా జరుపుతారో చూసి రాసిన ఆ పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఆ ఆచారం దీన్‌లో సరైనదా కాదా అన్నది ఆలిమ్‌లు చెప్పాల్సిన మాట, ఆ చర్చ ఈ వేదిక మీద పెట్టం. కానీ పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు జనవరిలో ఉర్సుకు వచ్చే జనంలో ఎవరు ఎవరో విడదీయడం మనవల్ల కాదు. అలాంటి కలివిడి గురించి ఒకాయన ఏళ్ళ తరబడి కూర్చుని రాశాడంటే సంతోషించాల్సిందే.

ఇక అసలు సంగతి. 2023లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ ఆయన ఇంకో పుస్తకం వేసింది. 1948 పోలీసు చర్య గురించి, హైదరాబాద్ ముస్లింల గురించి. అది సర్కారు కాగితాలు తిరగేసి మాత్రమే రాసింది కాదు. ఆ రోజులు చూసినవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది విని రాసింది.

ఈ సంగతి మన ఊళ్ళకు దూరమైంది కాదు. 1948 సెప్టెంబరు 13న మొదలై 17తో ముగిసిన ఆ అయిదు రోజుల్లో, తూర్పు నుంచి వచ్చిన సైన్యం కోదాడ, సూర్యాపేట మీదుగానే హైదరాబాద్ వైపు కదిలింది. సూర్యాపేట దగ్గర వంతెన పేల్చేశారు. ఇవాళ బస్సులో నిద్రపోతూ దాటే దారి అది. ఆ తర్వాత సంస్థానంలో ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఎక్కువ నష్టం మరాఠ్వాడా, కన్నడ వైపు జిల్లాల్లో జరిగిందని అందులోనే ఉంది. మన వైపు వేరే కథ. ఇక్కడ దొరలు, రజాకార్లు, సంఘం దళాలు, తర్వాత సైన్యం. ఒక్కో ఊరిది ఒక్కో తీరు.

అందుకే ఒక్క మాటతో తేల్చేసే కథలంటే మాకు భయం. రజాకార్లు చేసిన దుర్మార్గం నిజం. దాన్ని మేం దాచం, దాచకూడదు. కానీ రజాకార్లకు ఎదురు రాసి 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో ప్రాణం ఇచ్చిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుల్లో కొట్లాడి హత్యకు గురైన బందగీ ఎవరు? కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను 1952లో అసెంబ్లీకి పంపింది మన హుజూర్‌నగర్ ఓటర్లే కదా! ఈ పేర్లు మన ఇంటర్ పిల్లల్ని అడిగి చూడండి.

దేశం విడిచినవాళ్ళు రాసిన జ్ఞాపకాలు ఇంతకుముందు లేవని కాదు. ఉర్దూ కథకుడు ఇబ్రహీం జలీస్ అప్పుడే పాకిస్తాన్ వెళ్ళిపోయి, తన అనుభవాన్ని ‘దో ముల్క్ ఏక్ కహానీ’ అని రాశాడు. ఆయన తమ్ముడే మనందరినీ నవ్వించిన ముజ్తబా హుసేన్. కానీ అది ఉర్దూ. మన పిల్లల్లో ఉర్దూ లిపి చదివేవాళ్ళు ఏటా తగ్గుతున్నారు. స్కాలర్‌షిప్ కోసం మాకు వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ తెలుగులోనే ఉంటున్నాయి. ఇది మంచా చెడా అని వాదించుకోవచ్చు, ఉర్దూ నేర్పే ఏర్పాటు చేయనూవచ్చు. కానీ ఈ రోజు వాళ్ళ చేతికి అందేది తెలుగు పుస్తకమే. అఫ్సర్ కవితలు, కథలు తెలుగులో ఉండటం వల్లనే ఆయన గురించి ఈ సభలో మాట్లాడుతున్నాం.

పోలీసు చర్య నాటికి పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు 85 దాటినవాళ్ళు. మన మూడు ఊళ్ళలో, చుట్టూ పల్లెల్లో అలాంటి దాదీలు, నానాలు ఇంకా ఉన్నారు. ఎవరి ఇంట్లో దాక్కున్నారు, ఏ రెడ్డి, ఏ గౌడన్న గడ్డివాములో దాచి రొట్టె పెట్టాడు, ఎవరు నగలు తిరిగి ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్నీ వాళ్ళకు తెలుసు. వాటిని వినడానికి ఫిలడెల్ఫియా నుంచి మనిషి రానక్కర్లేదు.

కనుక ఈ ఏడాది దాతల్ని అడిగేది ఇది. సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లల్ని ఒక్క సాయంత్రం పెద్దల దగ్గర కూర్చోబెట్టండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయించండి. ముందు పేరు, ఊరు, వయసు, తేదీ చెప్పించండి. మధ్యలో అడ్డుపడి సరిదిద్దొద్దు, ఏడిస్తే ఫోను పక్కన పెట్టి నీళ్ళు ఇవ్వండి. చెప్పనంటే బలవంతం చేయొద్దు. ఉర్దూలో చెబితే ఉర్దూలోనే ఉంచండి, తెలుగులో రాయించే పని మాది. వాళ్ళు సరేనంటేనే అచ్చు వేస్తాం. స్కాలర్‌షిప్ పొందిన డిగ్రీ పిల్లలు నలుగురు రాయడానికి ముందుకొచ్చారు. మూడు ఊళ్ళలోనూ మస్జిద్ కమిటీ బాధ్యుల దగ్గర నోటు పుస్తకాలు ఉంచాం. పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల తర్వాత ఈ బల్ల దగ్గరికి రండి. వచ్చే సంచికలో కనీసం పది పేజీలు వాటికే వదులుతున్నాం.