మద్యపు లాటరి
(గూడూరు సభలో చేసిన యుపన్యాసము)



1921లో సహాయ నిరాకరణోద్యమమున ఆంధ్ర స్వచ్ఛందసేవకులు కల్లు దుకాణముల యెదుట నిలిచి జైళ్లకు పోయిరి. పరప్రభుత్వము మత్తును వేలము వేసి బొక్కసము నింపుకొనుచున్నదనుట నాటి యభియోగము. 2024 అక్టోబరు 14న మన ప్రభుత్వమే లాటరి తీసెను. 3,396 దుకాణములకు 89,882 దరఖాస్తులు! ఒక్కొక్కదానికి రెండు లక్షల రుసుము. ఓడినవానికిని తిరిగి యియ్యరు. అనగా, ఒక్క సీసా మూత తీయకమునుపే 1,797 కోట్ల రూపాయలు ఖజానాలో పడినవి. పిమ్మట 99 రూపాయలకే క్వార్టరు సీసా వచ్చెను. అది కూలివానికి చవుక. వాని యిల్లాలికి కాదు.

2019 నుండి సర్కారే స్వయముగా అమ్మిన కాలమును చూచితిమి. కావున కొట్టెవరిదన్న వాదము మాకు ముఖ్యము కాదు. రాజ్యాంగపు 47వ అధికరణము మద్యనిషేధమునకు యత్నింపుమనుచున్నది. ఆ యధికరణముపై దావా చెల్లదని తోడి వకీళ్లు నవ్వుదురు, నిజమే. నిషేధమే కావలెనని మేమును పట్టుపట్టము. 1995లో వచ్చిన నిషేధము 1997లోనే సడలినది గదా.

అమెరికాలోని కొలరాడోలో 2014 జనవరి 1న గంజాయి దుకాణములు తెరచిరి. మంచిచెడ్డ లటుండనిండు, అచ్చట గంజాయి సుంకములో కొంత బడుల కట్టడములకని ముందే శాసనమున వ్రాసికొనిరి. మనమును అట్లే యడుగవలెను: మద్యపు రాబడిలో వ్యసనవిమోచనమునకు ఎన్నవ వంతు? గూడూరు మండలమునకు ఎంత? సంఖ్య చట్టములో నుండవలెను, ప్రసంగములలో కాదు. రాబోవు గ్రామసభకు తీర్మానపు ముసాయిదా వ్రాసి తెచ్చితిమి. చేవ్రాళ్లు చేయువారు ముందునకు రావలెను.