పై మంచం తమ్ముడు

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో 'దుబాయి' అంటే ఒక్క ఊరు కాదు, గల్ఫ్ మొత్తానికీ అదే పేరు. అసలు దుబాయికే వెళ్లిన కూలీల్లో చాలామంది చేరేది సోనాపూర్ లాంటి కార్మిక క్యాంపులకు. బంగారు ఊరని దాని అర్థం. ఆ పేరు ఎవరు పెట్టారోగాని, వేళాకోళంలాగే ఉంటుంది.

గదిలో ఇనుప మంచాలు, ఒకదానిపై ఒకటి. మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటుండాలని అక్కడి నిబంధన. అంటే మంచం, దాని కింద పెట్టె, అంతే. పక్కన లుంగీ కట్టి తెర చేసుకుంటే అదే సొంత గది. కొత్తగా వచ్చినవాడికి మిగిలేది పై మంచమే. మొదటి జీతం అందేదాకా "తిను తమ్మీ, పైసల సంగతి తర్వాత చూద్దాం" అంటారు పాతవాళ్లు. వంటకు వంతులుంటాయి, పప్పులో ఉప్పెక్కువైతే తిట్లూ ఉంటాయి. సెలవుపై ఊరెళ్లినవాడు సకినాలు, మామిడికాయ తొక్కు లేకుండా తిరిగొస్తే ఇక బతకనివ్వరు!

గదిలో ఎవరైనా చనిపోతే ఇంటికి ఫోన్ చేసేదీ, చందాలు పోగుచేసేదీ, కాగితాల కోసం తిరిగేదీ కూడా చాలాసార్లు ఆ గదివాళ్లే. శవపేటిక శంషాబాద్‌లో దిగేసరికి, ఒక్కోసారి, ఆ మంచం మీద ఇంకొకరి దుప్పటి పరిచి ఉంటుంది.