ప్రవేశపరీక్ష మార్కులు - వాని హద్దులు



పరీక్షలను నిర్మించుట, మార్కులను గణితముతో పరిశీలించుట - దీనిని విద్యామాపన శాస్త్రమందురు. ఆ శాఖలో డాక్టరేటునకై అమెరికా పోదలచిన మన పిల్లలు మొదట అడుగునది ఒక్కటే: "జి.ఆర్.ఇ.లో ఎంత రావలెను?" అని.

ఆ పరీక్ష 1936లో కార్నెగీ సంస్థ పూనికతో ఆరంభమైనది. 2011 నుండి భాషాభాగమునకును, గణితభాగమునకును వేర్వేరుగా 130 మొదలు 170 వరకు మార్కులిచ్చుచున్నారు. ఇది అందరెరిగినదే. ఎరుగవలసినదేమనగా, ప్రతి మార్కు వెనుకను సుమారు 2 మార్కుల దోషపరిమితి గలదు. 163 వచ్చినవానికి అదే శక్తితో మరొకనాడు 161 రావచ్చును, 165 రావచ్చును. తోట కౌలుకు తీసుకొనువాడు ఒక్క యేటి కాపు చూచియే బేరమాడడు గదా! ఒక యేడు విరుగగాచిన మామిడి మరుసటి యేడు పూతకే వెలితిపడుట మనకు క్రొత్త గాదు.

పరీక్షలో ఎన్ని ప్రశ్నలున్నవో, అవి ఎంత చక్కనివో, దానినిబట్టి ఈ దోషము తగ్గును; కాని ఒక హద్దునకు దిగువకు పోదు. అట్టి హద్దును 1945లో నిరూపించినవారు సి. ఆర్. రావుగారు. ఆయన బాల్యమున కొంతకాలము మన నూజివీడులోనే చదివిరి. ఉద్యోగపు ఇంటర్వ్యూకై కలకత్తా పోగా ఆ ఉద్యోగము రాలేదు. 1941లో అచ్చటి గణాంక సంస్థలో శిక్షణకు చేరిరి. 1948లో కేంబ్రిడ్జి డాక్టరేటు నందిరి. క్రామర్-రావు హద్దని ప్రపంచమంతటను చెప్పుకొనునది అదియే.

పరీక్ష నిర్మించు సంస్థయే, ఒక్క మార్కును గీతగా గీచి అభ్యర్థులను త్రోసివేయరాదని విశ్వవిద్యాలయములకు చెప్పుచున్నది. ఇక విద్యామాపన ఆచార్యులందురా, వారు ఆ దోషమును బోధించువారే! మన ఇంజనీరింగు పట్టభద్రులలో పెక్కుమంది గణితభాగమున పైమెట్టు చేరుదురు. కావున వారిని వేరుపరచునది భాషాభాగమును, స్వయముగా వ్రాసిన ఉద్దేశపత్రమును అని నా అభిప్రాయము. ఆ పత్రమును రుసుమిచ్చి వ్రాయించుకొనువారిని గూర్చి నేనేమియు అనను.

2020 తరువాత పెక్కు విద్యాలయములు ఈ పరీక్షను ఐచ్ఛికము చేసినవి. అట్లని పరీక్షయే వ్యర్థమనువారితో నేనేకీభవింపను. చేరినవారిలో మార్కులకును తరువాతి ప్రతిభకును సంబంధము స్వల్పమని వారి వాదము. చేరినవారందరును ముందే అధికముగా తెచ్చుకొన్నవారు; తక్కువవారు ఆ లెక్కలోనే లేరు. పొడుగువారినే యేరి నిలిపి, పొడుగునకు విలువ లేదన్నట్లున్నది! పేరులేని కళాశాలలో చదివి, సిఫారసు చేయువారు లేనివానికి ఆ మార్కే సాక్షి.

అయితే అది ఎట్టి బడిలో వచ్చిన మార్కో కూడ చూడవలెను. 2008లో వెలసిన నూజివీడు ట్రిపుల్ ఐటీలో, పదవ తరగతికి గ్రేడులున్న కాలమున, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల పిల్లల సగటునకు 0.4 కలిపి చేర్చుకొనిరి. దానిని దయ యనుట తప్పు. అది కొలతను సవరించుట.

ఇక్కడనే చదువదలచినవారికి 2024 నుండి నెట్ మార్కులే డాక్టరేటు ప్రవేశమునకును పనికివచ్చుచున్నవి. ఫెలోషిప్పు రానివారికి పరీక్షకు 70, మౌఖికమునకు 30 వంతులు.

కాబట్టి 161 వచ్చిన పిల్లవాడు 163 కొరకై తండ్రిచేత మరల అప్పు చేయించుట నాకు సమ్మతము గాదు. భాషాభాగమును బొత్తిగా చదువక కూర్చున్నవాడు మాత్రము 21 దినములు గడచిన పిదప మరల వ్రాయవచ్చును. వచ్చిన మార్కులు అయిదేండ్లు చెల్లును.